ముందు లోతు, తర్వాత ఎర: చెన్నైలో బెండు గాలం నేర్చుకునేవారికి

గాలం వేయడం నేర్పమని వచ్చేవాళ్లు నన్ను రెండే ప్రశ్నలు అడుగుతారు: ఏ కర్ర కొనాలి, ఏ ఎర పెట్టాలి. నేను వాళ్లను తిరిగి ఒకటి అడుగుతాను. మీరు నిలబడిన చోట నీళ్లు ఎంత లోతున్నాయి? ఎర ఎంత మంచిదైనా, చేప తిరిగే ఎత్తులో అది లేకపోతే సాయంత్రం దాకా కూర్చున్నా దారానికి కట్టి నీళ్లమీద తేల్చే బెండు కదలదు. లోతు చూసుకున్న మనిషికి ఇంట్లో మిగిలిన బ్రెడ్డు ముక్క చాలు.

మాది సూళ్లూరుపేట పక్కన పల్లె. చెరువు గట్టున కూర్చోబెట్టి, జొన్నదంటు బెండుతో నాకు గాలం నేర్పింది మా నాయన. పెళ్లయి చెన్నైలో అయనావరం వచ్చాక కుట్టు మిషనే నా పని, ఆదివారం పొద్దున మాత్రం చేపలది. ఇప్పుడు మా చెల్లెలి కొడుకు ఇక్కడే ఇంజినీరింగ్ చదువుతూ నా దగ్గర నేర్చుకుంటున్నాడు. వాడికి చెప్పే వరసలోనే మీకూ చెబుతాను.

ఎక్కడ కూర్చోవాలి

నగరం మధ్యలో కొత్తవాళ్లకు నేను చెప్పేది చేట్‌పట్ చెరువు. తమిళనాడు మత్స్యశాఖ దాన్ని బాగుచేసి 2016లో ఎకో పార్కుగా తెరిచింది. గాలం వేసుకోవడానికని చోటు కేటాయించారు. టైమింగ్స్, రుసుము, పట్టిన చేపను ఏం చేయాలన్న నియమం, ఇవన్నీ ఆ రోజు గేటు దగ్గరే అడిగి తెలుసుకోండి.

పుళల్, చెంబరంబాక్కం, పూండి చెరువులు చూస్తే చేతులు ఊరుకోవు, నాకు తెలుసు. అందులోనూ పూండి అంటే మా నెల్లూరోళ్లకు ప్రత్యేకమైన ప్రేమ. మా జిల్లా కండలేరు జలాశయం నుంచి తెలుగు గంగ కాలువలో కృష్ణ నీళ్లు 1996లో మొదటిసారి అక్కడికే వచ్చాయి. కానీ అవి ఊరికి తాగునీరిచ్చే చెరువులు. అనుమతి లేకుండా గట్టెక్కకండి. కూవం, అడయారు నదుల్లో మురుగు కలుస్తుంది, అక్కడ పట్టిన చేపను ఎవరికీ వండిపెట్టకండి.

సామాను

పన్నెండడుగుల మడత కర్ర ఒకటి, ఫైబర్‌గ్లాస్‌ది తీసుకోండి. రీలు వద్దు. కర్ర చివర నేరుగా దారం కట్టే రకం ఇది, దీంతో చేయి తొందరగా తిరుగుతుంది. దారం 0.18 లేదా 0.20 మిల్లీమీటర్ల నైలాన్. కర్ర పొడవుకన్నా ఒక అడుగు తక్కువ కడితే చేప సరిగ్గా చేతికి వస్తుంది. గాలపు ముల్లు 10 లేదా 12 నంబరు అడగండి. ముల్లుకు నంబరు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుంది, దుకాణంలో తికమక పడకండి. సన్నటి బెండు రెండు, దారానికి నొక్కి పట్టించే చిన్న సీసపు గుండ్ల డబ్బా ఒకటి, ముల్లు తీయడానికి సన్నమూతి పటకారు, చిన్న చేతివల. కాశిమేడు, రాయపురం వైపు వలలూ గాలాలూ అమ్మే దుకాణాల్లో బేరమాడి తెచ్చుకోవచ్చు.

కార్బన్ కర్ర తేలిగ్గా ఉంటుంది కానీ కరెంటును పారిస్తుంది. మీకు ఎవరైనా అది ఇస్తే కరెంటు తీగల కింద ఎత్తకండి, ఉరుము వినగానే మడిచి పక్కన పెట్టేయండి. ఈ మాట మా వాడికి వచ్చినప్పుడల్లా చెబుతాను, విసుక్కున్నా సరే.

బెండును దారానికి పట్టించడానికి సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలు రెండు చాలు, పైన ఒకటి, కింద ఒకటి. అప్పుడు బెండును దారం మీద పైకీ కిందికీ జరుపుకోవచ్చు. ఈ జరపడంలోనే అసలు విద్య ఉంది. గుండ్లలో ఎక్కువ బరువు ముల్లుకు ఒకటిన్నర అడుగు పైన నొక్కండి, ఒక్క చిన్న గుండు మాత్రం ముల్లుకు నాలుగంగుళాల పైన. నీళ్లలో వేస్తే బెండు రంగు కొన గోరంత మాత్రమే పైకి కనబడాలి. అంతకన్నా ఎక్కువ తేలుతుంటే ఇంకో గుండు నొక్కండి. తేలిపోయే బెండును లాగాలంటే చేపకు బరువు తెలుస్తుంది, వెంటనే ఎర వదిలేస్తుంది.

లోతు కొలవడం

ఎర పెట్టకముందే ముల్లుకు ఒక బరువైన సీసం తగిలించండి. సీసం లేకపోతే పెద్ద నట్టు కట్టినా పనవుతుంది. మీరు గాలం వేయదలచిన చోటనే దాన్ని మెల్లగా దించండి. బెండు పూర్తిగా మునిగిపోయిందా, నీళ్లు మీ దారం కన్నా లోతుగా ఉన్నాయి, బెండును పైకి జరపండి. బెండు పక్కకు వాలి పడుకుందా, దారం ఎక్కువైంది, కిందికి జరపండి. రంగు కొన మాత్రం సరిగ్గా నీటి మట్టానికి తేలితే ముల్లు నేలను తాకుతున్నట్టు. ఇప్పుడు ముల్లును కర్ర పిడి దగ్గర పట్టుకుని, బెండు ఎక్కడికొస్తే కర్ర మీద అక్కడ చిన్న టేపు ముక్క అంటించండి. మధ్యలో దారం తెగి మళ్లీ కట్టుకున్నా లోతు పోదు.

ఒక్క చోట కొలిచి ఊరుకోవద్దు. ఎడమకు ఒక గజం, కుడికి ఒక గజం, దగ్గరగా, దూరంగా కొలవండి. నేల సమంగా ఉండదు. గట్టు నుంచి కొంత దూరం మెల్లగా దిగి, ఒక చోట ఒక్కసారిగా పల్లం అవుతుంది. ఆ అంచు కిందే తిండి చేరుతుంది, చేప కూడా అక్కడే తిరుగుతుంది. మా వాడు మొదట్లో ఈ పనంతా టైమ్ వేస్ట్ అనుకున్నాడు. ఒక పూట వాణ్ని అంచు మీద కూర్చోబెట్టి, రెండు గజాల అవతల చదునైన చోట నేను కూర్చున్నాను, ఇద్దరికీ ఒకే పిండి. వాడి బెండు ఆగకుండా మునుగుతుంటే నాది నిద్రపోయింది. ఆ తర్వాత కొలవమని నేను చెప్పాల్సిన అవసరం రాలేదు.

నేల దొరికాక ఏ చేప ఎక్కడ తింటుందో చూడాలి, అది దాని నోరే చెబుతుంది. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, పై నీళ్లలో తింటుంది. శీలావతి మధ్య నీళ్లది. ఎర్రమోసు నోరు కిందికి, అడుగునే దాని తిండి. ఒకదాని తిండికి ఇంకొకటి అడ్డురాదు కాబట్టే మన చేపల చెరువుల్లో మూడింటినీ కలిపి పెంచుతారు. బంగారుతీగ అడుగున బురద కెలుకుతుంది. ఒకే చోట సన్న బుడగలు వరసగా లేస్తుంటే ఎర నేలమీదే ఉంచండి. 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా ఇప్పుడు లేని చోటు లేదు, ఏ ఎత్తులోనైనా తింటుంది. కొత్తవాళ్లకు గురువు అదే. పరిగెల్లాంటి చిన్న చేపలు కూడా చేతికి మంచి సాధన ఇస్తాయి, వాటిని చులకన చేయకండి.

ఎర నేలను తాకే లోతులో మొదలుపెట్టి, పావుగంటలో ఏమీ లేకపోతే బెండును ఒక జానెడు కిందికి జరిపి ఎరను పైకి లేపండి. మళ్లీ పావుగంట, మళ్లీ జానెడు. ఇలా నేల నుంచి పైదాకా వెతికాకే ఎర మార్చండి. లోతూ ఎరా ఒకేసారి మార్చితే ఏది పనిచేసిందో మీకు ఎప్పటికీ తెలియదు.

ఎర, మేత

గోధుమపిండి గట్టిగా కలిపి, అందులో వేరుశనగ చెక్క పొడి వేసి, చేతికి అంటనంత వరకు పిసకండి. ముల్లుకు శెనగగింజంత చాలు, కొన కొంచెం బయటికి కనబడాలి. వానపాము పెడితే అడుగున తిరిగే జెల్లలు కూడా వస్తాయి.

చేపలను ఒక చోటికి చేర్చడానికి తవుడూ చెక్కపొడీ తడిపి ఉసిరికాయంత ఉండలు చేసి వేయాలి. ఎప్పుడూ బెండు ఉన్న చోటనే, కొద్దికొద్దిగా, ఐదారు నిమిషాలకు ఒకటి. వచ్చీరాగానే దోసెడు గుమ్మరిస్తే చేపలు కడుపు నింపుకుని వెళ్లిపోతాయి. ముల్లుకున్నది వాటికి అక్కర్లేదు.

బెండు భాష

ఇక్కడే ఎక్కువ సాధన కావాలి. బెండు గజగజ వణికితే చిన్న చేపలు పిండిని గిల్లుతున్నాయి, కదలకండి. బెండు ఏటవాలుగా జారుతూ పక్కకు పోతుంటే చేప ఎర తీసుకుని నడుస్తోంది, అదే సమయం. నిలువుగా గుబుక్కున మునిగితే చెప్పేదేముంది. చాలామందికి తెలియనిది నాలుగోది: బెండు మునగకుండా పైకి లేస్తుంది, ఒక్కోసారి వెల్లకిలా పడుకుంటుంది. అడుగున చేప ఎరతో పాటు ఆ చిన్న గుండును కూడా ఎత్తింది, బెండుకు బరువు తగ్గింది. అప్పుడు కూడా లాగాలి. ముల్లుకు నాలుగంగుళాల పైన ఆ గుండు పెట్టమన్నది ఇందుకే.

"పెద్దమ్మా, ఊగుతోంది, లాగేదా?"

"ఉండబ్బాయ్, ఇంకా నోట్లో పెట్టుకోలేదు."

"ఇప్పుడో?"

"అదిగో జారింది, ఇప్పుడు!"

మొదట్లో మా ఇద్దరి మధ్య పొద్దంతా ఇదే మాట. తర్వాత వాడిని అడగడం మాన్పించి, బెండు కదిలినప్పుడల్లా ఏం జరిగిందో పైకి చెప్పమన్నాను: వణికింది, జారింది, లేచింది. లాగవద్దు, చెప్పడం మాత్రమే. ఒక గంట అలా చూస్తే కంటికి తేడా పడుతుంది. మీరు కూడా ఒంటరిగా ఉన్నా నోటితో చెప్పుకోండి, నిజంగా పనిచేస్తుంది.

లాగడమంటే చేయంతా ఊపడం కాదు. మణికట్టును ఒక్కసారి పైకి తిప్పితే చాలు. గట్టిగా లాగితే తిలాపియా పెదవి చిరుగుతుంది, లేదా దారం వెనక చెట్టుకు చుట్టుకుంటుంది. చేప తగిలాక కర్ర వంగి ఉండేలా చూడండి, ఆ వంపే దారాన్ని కాపాడుతుంది. అది పరుగెత్తే వైపుకు ఎదురు వైపు కర్రను అడ్డంగా వాల్చి దాని దారి మళ్లించండి. తల నీటిపైకి వచ్చాక వలను ముందుగా నీళ్లలో ఉంచి చేపను దానిమీదికి తేవాలి. వలతో చేపను తరమకూడదు.

చేప చేతికి వచ్చాక

చేతులు తడుపుకుని పట్టండి. చేప ఒంటిమీది జిగురే దానికి జబ్బుల నుంచి రక్షణ, పొడి చేయి దాన్ని తుడిచేస్తుంది. తిలాపియా వీపు ముళ్లను తల నుంచి తోకవైపు అరచేత్తో అణచి పట్టండి. జెల్లకు మొప్పల పక్కనా వీపు మీదా గట్టి ముళ్లు ఉంటాయి, గుచ్చుకుంటే బాగా సలుపుతుంది, తడిగుడ్డ వాడండి. గాలపు ముల్లు చేప గొంతులోకి పోతే పీకకండి, దారాన్ని దగ్గరగా కత్తిరించండి.

తిలాపియా నోట్లోంచి పసుపు గుడ్లో, సన్న పిల్లలో బయటికి వస్తే అది తల్లి. నోట్లోనే పిల్లల్ని మోస్తుంది. నాకు దాన్ని చూస్తే చేయి ఆడదు. వెంటనే అక్కడే వదిలేస్తాను, మా వాడికీ అదే నేర్పాను. కొర్రమీను పిల్లల గుంపు ఎర్రగా ఒక చోట నీటిపైన తిరుగుతుంటే కింద తల్లో తండ్రో కాపలా ఉంటుంది. అక్కడ గాలం వేయకండి. తూర్పు తీరంలో మరబోట్లకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉందని మనకు తెలుసు. ఇంగ్లండులో కూడా నదుల్లో ఇలాంటి చేపలకు మార్చి 15 నుంచి జూన్ 15 దాకా గాలం ఆపేస్తారు. గుడ్లు పెట్టే కాలాన్ని గౌరవించడం ఎక్కడైనా గాలం వేసేవాడి పనే. ఒక చెరువు చేపను ఇంకో చెరువులో వదలడం మాత్రం ఎప్పుడూ చేయకండి.

తెగిన దారాన్ని చిన్న ముక్కలు చేసి ఇంటికి తెచ్చి పారేయండి, కొంగల కాళ్లకు చుట్టుకుంటుంది. సీసపు గుండ్లు కూడా కింద జారవిడవకండి. హంసలు మింగి చస్తున్నాయని బ్రిటన్‌లో 1987లోనే చిన్న సీసపు గుండ్లను నిషేధించారు.

ఎప్పుడు వెళ్లాలంటే, ఎండాకాలంలో పొద్దున్నే, లేదా ఎండ తగ్గాక. వేడి నీళ్లలో ప్రాణవాయువు తక్కువ. తెల్లవారుజామున చేపలు గుంపుగా పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే అవి ఊపిరికి ఇబ్బంది పడుతున్నాయి, ఆ రోజు గాలం మడిచేయండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు పడ్డాక నీటి మట్టం మారుతుంది, కర్ర మీద పాత టేపును నమ్మకుండా మళ్లీ కొలవండి.

ఒక నోటుబుక్కు పెట్టుకోండి. తేదీ, కూర్చున్న చోటు, నేల లోతు, చేప పడినప్పుడు ఎర ఉన్న ఎత్తు, బెండు చేసిన కదలిక. చేప బరువు రాయకపోయినా ఫరవాలేదు. వణకడానికీ లేవడానికీ తేడా చూడగానే తెలుస్తూ, కొత్త చోట నాలుగైదు విసుర్లలో నేల లోతు పట్టగలిగితే అప్పుడు రీలున్న కర్ర కొనండి. దానికి దారం మీద జారే బెండు కట్టి, కావలసిన లోతులో అది ఆగేలా దారానికి ఆపుముడి వేసుకుంటే కర్ర పొడవును మించిన లోతులో కూడా ఇదే పద్ధతిలో వెతకవచ్చు.