రాలిన ఈకలతో లింగ పరీక్ష: అన్నీ మగవే అని వస్తే

సమస్య: టెక్కలి దగ్గరి తేలినీలాపురంలో గూళ్లున్న చెట్ల కింద ఇరవై ఈకలు ఏరుకొచ్చారు (అటవీశాఖ అనుమతి ఉందనే అనుకుంటున్నా). పీ2/పీ8 ప్రైమర్లతో (కావలసిన డీఎన్ఏ ముక్కను పట్టుకునే చిన్న డీఎన్ఏ పోగులు) పీసీఆర్ చేసి (ఆ ముక్కకు బోలెడు కాపీలు తీసి), జెల్‌లో నడిపితే అన్నిటికీ ఒక్కో బ్యాండే (ఒక్కో సైజు ముక్కకు ఒక్కో గీత). ఆడపక్షికి జెడ్, డబ్ల్యూ అనే లింగ క్రోమోజోములు రెండూ ఉంటాయి కాబట్టి రెండు బ్యాండ్లు రావాలి, మగదానికి రెండూ జెడ్‌లే కాబట్టి ఒకటే. ఆ లెక్కన అన్నీ మగవే. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గుడ్లు పొదిగే ఊళ్లో ఆడది ఒక్కటీ లేదట!

ముందు ఇది చెప్పండి: ఆడదని తెలిసిన అదే జాతి పక్షి శాంపిల్ అదే జెల్‌లో పెట్టారా? ఎవరిని అడిగినా "లేదండీ" అనే అంటారు. దానికీ ఒక్క బ్యాండే వస్తే తప్పు జెల్‌ది. రెండు ముక్కల సైజులో తేడా తక్కువ. 3 శాతం అగరోజ్ జెల్‌లో నిదానంగా నడపండి.

దానికి రెండు వచ్చి మీవాటికి ఒకటే వస్తే, దొంగ మీ ప్లాస్టిక్ కవరే. నేనూ దీని చేతిలో ఒక సీజన్ మొత్తం పోగొట్టుకున్నాను. అక్టోబరు వానకు తడిసిన ఈకల్ని జిప్ కవర్లో వేసి, వారం తర్వాత తెరిస్తే బూజు. అయినా బ్యాండ్ వచ్చిందని సంబరపడ్డాను. డీఎన్ఏ తునకలైనప్పుడు పొడవు ముక్క ముందు పోతుంది. పీ2/పీ8తో చాలా జాతుల్లో పొడవుది డబ్ల్యూనే. అది రాకపోతే ఆడది మగదైపోతుంది, పీసీఆర్ మాత్రం బాగా పనిచేసినట్టే కనిపిస్తుంది!

ఏం చేయాలంటే, ఈకల్ని నీడలో ఆరబెట్టి విడివిడిగా కాగితం కవర్లలో పెట్టండి. కాడ కొస ఒక్కటే కోయకండి. కాడ మీద పోగులు మొదలయ్యే చోట, లోపల ఎండిన రక్తపు గడ్డ ఉంటుంది, మంచి డీఎన్ఏ అందులోనే. పాత శాంపిళ్లకు 2550ఎఫ్/2718ఆర్ ప్రైమర్లు వాడండి. వాటిలో డబ్ల్యూ ముక్కే చిన్నది, సుమారు 450 బేస్‌లు (డీఎన్ఏ అక్షరాలు), జెడ్ 600 దరిదాపు. డీఎన్ఏ పాడై పొడవైన జెడ్ పోయినా డబ్ల్యూ మిగులుతుంది, ఆడది మగదిగా మారిపోదు. మరీ పాడైతే ఏ బ్యాండూ రాదు, అదే నయం.

బ్లాంక్‌లో (డీఎన్ఏ వేయని గొట్టంలో) బ్యాండ్ వస్తే ఆ రసాయనాలన్నీ పారేయండి. జెడ్‌లోనే రెండు రకాలుండి మగదానికి రెండు బ్యాండ్లు రావడం అరుదు. ఉష్ట్రపక్షికి ఈ పద్ధతి పనిచేయదు, మన టెక్కలి వైపు ఆ బెంగ లేదు.

బ్లాంక్ ఖాళీగా ఉంటే రెండు బ్యాండ్లను ఒక్కసారి చేసినా నమ్మండి. ఒక్క జెడ్ బ్యాండే వచ్చినదాన్ని మాత్రం మూడుసార్లు చేశాకే మగ అని రాయండి.