డబుల్ డిలైట్ గులాబీ: ఎండను బట్టి రంగు

పెరట్లో ఒక్క హైబ్రిడ్ టీ (పొడవాటి కొమ్మకు పెద్ద పువ్వు పూసే తరగతి) గులాబీకే చోటుంటే డబుల్ డిలైట్‌ను నిశ్చింతగా ఎంచుకోవచ్చు. అయితే దాన్ని ఎక్కడ నాటాలో మొక్క కొనకముందే తేల్చుకోవాలి. అమెరికాలో స్విమ్, ఎల్లిస్ అనే ఇద్దరు గ్రెనడా, గార్డెన్ పార్టీ రకాలను సంకరపరచి రూపొందించిన ఈ గులాబీ 1977లో విడుదలైంది. 1985లో ప్రపంచ గులాబీ సంఘాల సమాఖ్య వారి హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరింది.

మొగ్గ విచ్చుకునేటప్పుడు రేకులు మీగడ రంగులో ఉండి, వెలుతురు సోకిన అంచుల్లోనే ఎరుపు కనిపిస్తుంది. రోజులు గడిచేకొద్దీ ఆ ఎరుపు లోపలికి పాకుతుంది. ఎరుపునిచ్చే వర్ణకం ఏర్పడటానికి సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు కావాలి కనుక, గోడనీడన గానీ ఆ కిరణాలను ఆపే షీటు కింద గానీ పెంచిన మొక్కకు పూలు పాలిపోయినట్టు పూస్తాయి. నర్సరీవాళ్లు వేరే రకం అంటగట్టారని అనుమానించే ముందు మొక్కకు ఎండ ఎంత తగులుతోందో చూడటం న్యాయం. ఘాటైన పరిమళం దీనికి మరో ఆకర్షణ.

కనీసం ఆరు గంటలు, అందులోనూ ఉదయపుటెండ తగిలే చోట, నీరు నిలవని నేలలో, అంటు కట్టిన భాగం మట్టికి పైన ఉండేలా నాటాలి. ఆ భాగానికి కింద నుంచి వచ్చే చిగుళ్లు వేరుమొక్కవి. వాటిని మొదట్లోనే పీకేయాలి. తెలుగు ప్రాంతాల్లో వానలు తగ్గాక, అక్టోబరులో, ఎండిన, బలహీనమైన కొమ్మలను తీసేసి, మిగిలినవాటిని బయటివైపు చూసే కన్నుకు (చిగురు పుట్టే చోటుకు) కాస్త పైన ఏటవాలుగా కత్తిరించాలి. పక్కమొగ్గలు గిల్లేస్తే కొమ్మకొక్క పెద్ద పువ్వు వస్తుంది.

దీని అసలు బలహీనత బూడిద తెగులు. రాత్రులు చల్లబడే శీతాకాలంలో లేత ఆకులు ముడుచుకుని, వాటిపై తెల్లని పొడి కనిపించిన వెంటనే, నీటిలో కరిగే గంధకాన్ని లీటరుకు 3 గ్రాముల చొప్పున కలిపి పిచికారీ చేయాలి. ఎండ ముదిరాక చల్లితే ఆకులు మాడతాయి.

పూలను కూజాలో పెట్టుకోవాలనుకుంటే, కోరుకున్నంత ఎరుపు అంచులకు ఎక్కాకే తెల్లవారుజామున కోయాలి. ఇంట్లో, ఎండ తగలని చోట, రంగు ఆపైన అంతగా ముదరదు.