అప్‌డేట్ తర్వాత లినక్స్ తెర నల్లబడితే ఎక్కడ వెతకాలి

రీస్టార్ట్ చేశాక తెర నల్లగా ఉండిపోతే చాలామంది ముందుగా పెన్‌డ్రైవ్ కోసం వెతుకుతారు, ఉన్నదంతా చెరిపేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేద్దామని. దాదాపు ఎప్పుడూ ఆ అవసరం రాదు. ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. చాలాసార్లు లినక్స్ కూడా లోపల నడుస్తూనే ఉంటుంది. తెరకు బొమ్మ పంపే దారిలో ఒక ముక్క మాత్రమే తెగి ఉంటుంది. అదేదో తేల్చకుండా డ్రైవర్ పీకేయడం, మూడు చోట్ల దొరికిన మూడు కమాండ్లను వరసగా కొట్టడం మొదలుపెడితే ఉన్న ఒక్క తప్పు నాలుగవుతుంది.

ఇక్కడ చెప్పేది ప్రధానంగా ఉబుంటు, లినక్స్ మింట్ వాడేవారికి. ఫెడోరా, ఆర్చ్‌లలో పద్ధతి వేరుగా ఉన్నచోట ఆ మాట చెబుతాను. కమాండ్లను తెలుగు లిపిలో రాశాను. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్ చిన్న అక్షరాలతో కొట్టాలి.

బొమ్మ ఎక్కడిదాకా వచ్చి ఆగింది?

మొదట తేల్చుకోవలసింది ఇదే. పవర్ నొక్కగానే కంపెనీ లోగో కూడా రాకపోతే అప్‌డేట్‌ను తిట్టుకోవద్దు. అప్పటికి లినక్స్ ఇంకా మొదలే కాలేదు. కేబుల్, మానిటర్‌లో ఎంచుకున్న ఇన్‌పుట్, డెస్క్‌టాప్ అయితే హెచ్‌డీఎంఐ తీగ మదర్‌బోర్డుకు పెట్టారా, గ్రాఫిక్స్ కార్డుకు పెట్టారా అన్నది చూడాలి.

లోగో వచ్చి, ఆ తర్వాత నల్లబడితే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. నల్లటి తెరపై తెల్లటి అక్షరాలతో లాగిన్ అడిగితే సగం సమస్య తీరినట్టే: కెర్నల్ (యంత్రాన్ని నడిపే లినక్స్ గుండెకాయ) బాగానే ఉంది, డెస్క్‌టాప్‌కూ గ్రాఫిక్స్ డ్రైవర్‌కూ మధ్యే ఏదో తేడా వచ్చింది. ఆ మూడు మీటలకూ చలనం లేకపోతే కెర్నల్ దగ్గరే ఆగిందని అనుమానించాలి.

లాగిన్ తెర వచ్చి పాస్‌వర్డ్ కొట్టాక వెనక్కి తన్నేస్తుంటే అది పూర్తిగా వేరే కథ. దాని గురించి కింద విడిగా ఉంది.

లోగో తర్వాత నల్ల తెర

పాత కెర్నల్‌తో బూట్ చేసి చూడడం ఇక్కడ మొదటి పరీక్ష. ఉబుంటు కొత్త కెర్నల్ వేసినా వెంటనే పాతదాన్ని తీసేయదు. ఫెడోరా మామూలుగా మూడింటిని ఉంచుతుంది. ఆర్చ్‌లో మాత్రం పాతది ఉండదు. అందుకే ఆర్చ్ వాడేవారు ‘లినక్స్-ఎల్‌టీఎస్’ (ఎక్కువకాలం నిలకడగా ఉంచే కెర్నల్) ప్యాకేజీని కూడా పక్కన వేసి ఉంచుకుంటారు.

కంప్యూటర్ మొదలవగానే గ్రబ్ మెనూ, అంటే దేనితో బూట్ చేయాలో ఎంచుకునే జాబితా, కనిపించాలి. కనిపించకపోతే పాత బయోస్ యంత్రాల్లో షిఫ్ట్ నొక్కి పట్టుకోవాలి, కొత్త తరహా యూఈఎఫ్ఐ యంత్రాల్లో లోగో పోతున్న క్షణంలో ఎస్కేప్ ఒక్కసారి నొక్కాలి. ఆత్రంగా నాలుగైదుసార్లు నొక్కితే మెనూ దాటిపోయి ‘గ్రబ్>’ అని ఖాళీ గీత ముందు దిగుతారు. భయపడనక్కర్లేదు, కంట్రోల్, ఆల్ట్, డిలీట్ నొక్కి మళ్లీ ప్రయత్నించండి. మెనూలో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’ తెరిస్తే కెర్నళ్లు వరసగా ఉంటాయి. పైనున్నది కొత్తది, కాబట్టి దాని కింద వేరే నంబరున్నదాన్ని ఎంచుకోండి. రికవరీ మోడ్ అని ఉన్నవి ఇప్పుడు వద్దు.

పాత కెర్నల్‌తో డెస్క్‌టాప్ మామూలుగా వచ్చిందా? అయితే దోషం కొత్త కెర్నల్‌కూ గ్రాఫిక్స్ డ్రైవర్‌కూ పొత్తు కుదరకపోవడమే. ఎన్‌విడియా కార్డులున్నవారికి ఇది ఎక్కువ. ఇంటెల్, ఏఎండీ డ్రైవర్లు కెర్నల్‌తోపాటే వస్తాయి. ఎన్‌విడియా సొంత డ్రైవర్ మాత్రం దర్జీ కొలత తీసుకుని కుట్టిన చొక్కాలాంటిది, ఏ కెర్నల్‌కు తయారైందో దానికే సరిపోతుంది. కెర్నల్ మారిన ప్రతిసారీ మళ్లీ కుట్టాలి. ఆ పని డీకేఎంఎస్ అనే పరికరం తనంతట తాను చేస్తుంది. చేయలేకపోయిన రోజు తెర నల్లబడుతుంది.

పాత కెర్నల్‌లో ఉండగానే టెర్మినల్ తెరిచి ‘డీకేఎంఎస్ స్టేటస్’ కొట్టండి. ఎన్‌విడియా పేరు ఎదురుగా రెండు కెర్నల్ నంబర్లూ ఉండి, రెండింటికీ ‘ఇన్‌స్టాల్డ్’ అని ఉండాలి. కొత్త నంబరు లేకపోతే కారణం దొరికినట్టే. ఏమీ చూపించకుండా ఖాళీగా ఉంటే అది తప్పు కాదు. ఉబుంటు చాలా యంత్రాల్లో ముందే తయారుచేసి సంతకం పెట్టిన డ్రైవర్‌ను వేస్తుంది, దానికి డీకేఎంఎస్‌తో పనిలేదు. అలాంటప్పుడు ‘సుడో ఉబుంటు-డ్రైవర్స్ ఇన్‌స్టాల్’ కొడితే కొత్త కెర్నల్‌కు తగిన ముక్క దిగుతుంది.

కొత్త నంబరు లేకపోవడానికి తరచుగా కనిపించే కారణం హెడర్స్ ప్యాకేజీ (డ్రైవర్ కట్టడానికి కావలసిన కెర్నల్ వివరాల ఫైళ్లు) లేకపోవడం. ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది. ఎక్కడ చూసినా ‘లినక్స్-హెడర్స్’ తర్వాత ‘యూనేమ్ -ఆర్’ ఇచ్చే నంబరు పెట్టమని ఉంటుంది. కానీ మీరిప్పుడు పాత కెర్నల్‌లో ఉన్నారు. ఆ కమాండ్ పాత నంబరే ఇస్తుంది, ఉన్న హెడర్సే మళ్లీ వస్తాయి, కొత్త కెర్నల్ పరిస్థితి మారదు. ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ లినక్స్-హెడర్స్-జెనరిక్’ అని కొట్టండి. ఉబుంటు ఎల్‌టీఎస్ డెస్క్‌టాప్‌లో మామూలుగా ఉండే హెచ్‌డబ్ల్యూఈ కెర్నల్ అయితే ఆ పేరు చివర ‘-హెచ్‌డబ్ల్యూఈ-’, దాని పక్కన మీ ఉబుంటు నంబరు (24.04 వంటిది) చేర్చాలి. కొత్త హెడర్స్ దిగగానే డీకేఎంఎస్ దానంతట అదే డ్రైవర్ కట్టడం మొదలుపెడుతుంది. కొన్ని నిమిషాలు పడుతుంది. మధ్యలో ఆపవద్దు, ల్యాప్‌టాప్‌కు ఛార్జర్ తగిలించి ఉంచండి.

హెడర్స్ ఉన్నా కట్టడం విఫలమైతే కారణం లాగ్‌లో ఉంటుంది. వార్ ఫోల్డర్‌లో లిబ్, అందులో డీకేఎంఎస్, అందులో ఎన్‌విడియా, దాని లోపల వెర్షన్ నంబరు, బిల్డ్, చివర ‘మేక్.లాగ్’. వందల వరసల ఫైలు అది. ‘ఎర్రర్’ అన్న పదం మొదట ఎక్కడ వచ్చిందో అక్కడ ఆగండి, తర్వాతివన్నీ దాని ప్రతిధ్వనులే. 2024 ఆరంభంలో ఉబుంటు 22.04 వాడేవారిలో చాలామందికి కెర్నల్ 6.2 నుంచి 6.5కు మారింది. కొత్త కెర్నల్‌ను జీసీసీ అనే కంపైలర్ (ప్రోగ్రాములను తయారుచేసే పరికరం) 12వ వెర్షన్‌తో కట్టారు, యంత్రాల్లో ఉన్నది జీసీసీ 11. తనకు తెలియని ఆప్షన్ వచ్చిందని పాత కంపైలర్ మొరాయించింది, డ్రైవర్ తయారు కాలేదు, తెరలు నల్లబడ్డాయి. ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ జీసీసీ-12’ అన్న ఒక్క వరస దానికి మందు. ఆ లాగ్ చదవని వాళ్లు డ్రైవర్‌ను తీసి, పెట్టి, మళ్లీ తీసి అదే కంపైలర్ దగ్గరికి తిరిగి వచ్చారు.

డ్రైవర్ తయారైనా లోడ్ కాకపోతే సెక్యూర్ బూట్‌ను చూడాలి. ‘మోక్‌యుటిల్ --ఎస్‌బీ-స్టేట్’ కొడితే అది ఆన్‌లో ఉందో లేదో తెలుస్తుంది. ఆన్‌లో ఉంటే, యంత్రం గుర్తించిన సంతకం లేని డ్రైవర్‌ను కెర్నల్ లోపలికి రానివ్వదు. ‘సుడో మోడ్‌ప్రోబ్ ఎన్‌విడియా’ కొట్టినప్పుడు కీ తిరస్కరించినట్టు సందేశం వస్తే సంగతి ఇదేనని ఖాయం. డ్రైవర్ వేసేటప్పుడు ఉబుంటు ఒక పాస్‌వర్డ్ పెట్టమని అడుగుతుంది. తర్వాతి రీస్టార్ట్‌లో నీలిరంగు తెర ఒకటి వచ్చి ఏదైనా మీట నొక్కమంటుంది, పది సెకన్లు మాత్రమే ఆగుతుంది. ఆ లోపు నొక్కి, ‘ఎన్‌రోల్ మోక్’, ‘కంటిన్యూ’, ‘యెస్’ ఎంచుకుని, ఆ పాస్‌వర్డ్ కొట్టి, రీబూట్ చేయాలి. టీ తెచ్చుకోవడానికి లేచి వెళ్లిన వారికి ఆ తెర కనిపించదు, డ్రైవరూ రాదు. తప్పిపోతే ‘సుడో అప్‌డేట్-సెక్యూర్‌బూట్-పాలసీ --ఎన్‌రోల్-కీ’ కొట్టి మళ్లీ మొదలుపెట్టవచ్చు.

ఫెడోరాలో డీకేఎంఎస్ బదులు ఏకేమాడ్స్ ఆ పని చేస్తుంది. అప్‌డేట్ పూర్తయిందని చూపించాక కూడా వెనకాల డ్రైవర్ తయారవుతూ ఉంటుంది. అయిదు నిమిషాలు ఆగి రీస్టార్ట్ చేస్తే చాలు.

మూడో కారణం చిన్నది, కానీ తరచుగా ఉంటుంది: బూట్ విభాగం నిండిపోవడం. ‘డీఎఫ్ -హెచ్’లో /బూట్ ఎదురుగా 100 శాతం కనిపిస్తే కొత్త కెర్నల్ సగంలోనే ఆగింది. ‘సుడో ఆప్ట్ ఆటోరిమూవ్ --పర్జ్’, ఆ తర్వాత ‘సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ’. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయినా ఈ రెండో కమాండే అక్కరకొస్తుంది.

పాత కెర్నల్‌తోనూ నల్లగానే ఉంటే

మారింది కెర్నల్ కాదు, డ్రైవర్ అయి ఉంటుంది. గ్రబ్ మెనూలో మొదటి వరసపై ఉండి ‘ఈ’ నొక్కండి. ‘లినక్స్’ అని మొదలయ్యే వరస చివర ఖాళీ వదిలి ‘నోమోడ్‌సెట్’ చేర్చి ఎఫ్10 నొక్కండి. మసకగా, తక్కువ రిజల్యూషన్‌తోనైనా తెర వస్తుంది. ఇది ఆ ఒక్క బూట్‌కే వర్తిస్తుంది. లోపలికి వెళ్లాక వార్, లాగ్, ఆప్ట్ ఫోల్డర్‌లో ‘హిస్టరీ.లాగ్’ తెరిస్తే నిన్న ఏయే ప్యాకేజీలు మారాయో తేదీతో సహా ఉంటాయి. నాకైతే ఊహాగానాల కంటే ఈ ఫైలు మీదే నమ్మకం ఎక్కువ.

ఎన్‌విడియా డ్రైవర్ పెద్ద నంబరుకు మారి ఉంటే మీ కార్డు వయసు చూడండి. కెప్లర్ తరం కార్డులకు 470 శాఖే (470తో మొదలయ్యే డ్రైవర్ వెర్షన్లే) చివరిది, మాక్స్‌వెల్, పాస్కల్ తరాలకు 580. అంటే జీటీఎక్స్ 1050, 1060 వంటివి అంతకు పైనున్న శాఖలో పనిచేయవు. కార్డు చెడిపోలేదు, పక్కకు పెట్టేశారంతే. ‘ఉబుంటు-డ్రైవర్స్ డివైసెస్’ కొడితే మీ కార్డుకు సరిపోయే శాఖలు కనిపిస్తాయి.

తెర అమరికల కోసం ఎప్పుడో చేత్తో రాసిన ‘ఎక్సార్గ్.కాన్ఫ్’ ఫైలు ఈటీసీ, ఎక్స్11 (ఇక్కడ ఎక్స్ పెద్ద అక్షరం) ఫోల్డర్‌లో మిగిలిపోయి ఉన్నా ఇలాగే అవుతుంది. పేరు మార్చి రీస్టార్ట్ చేయండి. ఈ రోజుల్లో దాదాపు ఎవరికీ ఆ ఫైలు అక్కర్లేదు.

పాస్‌వర్డ్ కొట్టాక మళ్లీ లాగిన్ తెరే

డ్రైవర్ జోలికి వెళ్లకండి. లాగిన్ తెర గీయగలిగిందంటే డ్రైవర్ చాలావరకు పనిచేస్తున్నట్టే. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కితే వచ్చే కన్సోల్‌లో లాగిన్ అయి ముందు ‘డీఎఫ్ -హెచ్’ చూడండి. డిస్క్ నిండితే సెషన్ ఫైళ్లు రాయడానికి చోటుండదు. ‘సుడో ఆప్ట్ క్లీన్’ కొంత ఖాళీ చేస్తుంది.

చోటు ఉంటే ‘ఎల్ఎస్ -ఎల్ఏ’ కొట్టి హోమ్ ఫోల్డర్‌లోని ‘.ఎక్స్అథారిటీ’ (ఎక్స్ పెద్ద అక్షరం) ఎవరి పేరు మీద ఉందో చూడండి. రూట్ (నిర్వాహకుడి ఖాతా) అని ఉంటే దాన్ని తీసేయండి, మీ పేరుతో మళ్లీ పుడుతుంది. తెర గీసే పాత పద్ధతి అయిన ఎక్స్11 మీద నడిచే మింట్‌లో ఇది ఎక్కువ. ఉబుంటు వాడే డెస్క్‌టాప్ గ్నోమ్‌లో, ముఖ్యంగా పెద్ద వెర్షన్ మారినప్పుడు, పాత ఎక్స్‌టెన్షన్లను అనుమానించాలి. హోమ్‌లో .లోకల్, షేర్, గ్నోమ్-షెల్ కింద ఉన్న ‘ఎక్స్‌టెన్షన్స్’ ఫోల్డర్ పేరు మార్చి లాగిన్ అవండి. లోపలికి వెళ్లగలిగితే ఒక్కొక్కటిగా వెనక్కి పెట్టుకోవచ్చు.

తెర వచ్చింది, కానీ అక్షరాలు లావుగా, కిటికీలు నత్తనడకన

సెట్టింగ్స్‌లో సిస్టమ్ వివరాలు తెరవండి. గ్రాఫిక్స్ ఎదురుగా కార్డు పేరుకు బదులు ‘ఎల్ఎల్‌వీఎంపైప్’ అని ఉంటే బొమ్మల పని మొత్తం ప్రాసెసర్ మోస్తోంది. ‘క్యాట్ /ప్రాక్/సీఎండీలైన్’ కొట్టి చూడండి. ‘నోమోడ్‌సెట్’ ఉందంటే ఎప్పుడో తాత్కాలికంగా పెట్టినది శాశ్వతమైపోయింది. ఈటీసీ, డీఫాల్ట్, గ్రబ్ ఫైలులో దాన్ని చెరిపి ‘సుడో అప్‌డేట్-గ్రబ్’ కొట్టాలి. అది లేకపోతే ‘ఎల్ఎస్‌పీసీఐ -కె’లో గ్రాఫిక్స్ కార్డు కింద వాడుకలో ఉన్న డ్రైవర్ పేరు ఉందో లేదో చూసి, పై భాగంలోని పరీక్షలకు వెళ్లండి.

‘ఎన్‌విడియా-ఎస్ఎంఐ’ కొడితే డ్రైవర్, లైబ్రరీ వెర్షన్లు కలవడం లేదంటే కంగారు పడకండి. ఆటోమేటిక్ అప్‌డేట్ వెనకాల పనిచేసింది, మెమరీలో ఇంకా పాత డ్రైవరే ఉంది. రీస్టార్ట్ చేయడమే పరిష్కారం.

రెండో మానిటర్ మాయం, లేదా తెర మిణుకు

గ్నోమ్ మానిటర్ల అమరికను హోమ్‌లోని .కాన్ఫిగ్ ఫోల్డర్‌లో ‘మానిటర్స్.ఎక్స్ఎంఎల్’లో దాచుకుంటుంది. దాన్ని పక్కకు తీసి మళ్లీ లాగిన్ అయితే అమరిక కొత్తగా మొదలవుతుంది. రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి హెచ్‌డీఎంఐ రంధ్రం ఎన్‌విడియా వైపే కలిపి ఉంటుంది. ‘ప్రైమ్-సెలెక్ట్ క్వెరీ’ ఇంటెల్ అని చెబితే బయటి తెర వెలగదు. డిస్‌ప్లేలింక్ డాక్ (యూఎస్‌బీ ద్వారా అదనపు తెరలు కలిపే పెట్టె) వాడేవారికి కూడా డీకేఎంఎస్ కథే, డ్రైవర్ పేరు మాత్రం ఈవీడీఐ.

ఇంటెల్ ల్యాప్‌టాప్ తెర మిణుకుమంటే, తెర కదలనప్పుడు కరెంటు ఆదా చేసే పీఎస్ఆర్ అనే సదుపాయం కారణం కావచ్చు. గ్రబ్‌లో ‘ఈ’ నొక్కి ‘ఐ915.ఎనేబుల్_పీఎస్ఆర్=0’ చేర్చి ఒకసారి చూసి, తగ్గితేనే శాశ్వతం చేయండి. బ్యాటరీ కాస్త తొందరగా తగ్గుతుంది. ఎన్‌విడియా మీద వేలాండ్ (ఎక్స్11 స్థానంలో వచ్చిన కొత్త పద్ధతి) సెషన్‌లో కొన్ని అప్లికేషన్లు మాత్రమే మిణుకుతుంటే డ్రైవర్‌ను 555 లేదా ఆపై శాఖకు తీసుకెళ్లండి. అది వీలుకాకపోతే లాగిన్ తెరలోని పళ్లచక్రం గుర్తు నొక్కి ఎక్సార్గ్ (ఎక్స్11) సెషన్ ఎంచుకోవచ్చు. ఉబుంటు 25.10 నుంచి గ్నోమ్‌కు ఆ ఎంపిక లేదు.

పని సాగాలి, మరమ్మతు రేపు

పాత కెర్నల్ బాగుందని తేలాక, కొన్నాళ్లు కొత్తవి రాకుండా ‘సుడో ఆప్ట్-మార్క్ హోల్డ్ లినక్స్-జెనరిక్ లినక్స్-ఇమేజ్-జెనరిక్ లినక్స్-హెడర్స్-జెనరిక్’ కొట్టి ఆపవచ్చు. హెచ్‌డబ్ల్యూఈ కెర్నల్ అయితే మూడు పేర్ల చివరా పైన చెప్పిన ముక్క చేర్చాలి. దీనితో కెర్నల్ భద్రతా సవరణలు కూడా ఆగిపోతాయి కాబట్టి నెలల తరబడి ఉంచేది కాదు. ‘ఆప్ట్-మార్క్ షోహోల్డ్’ ఏవి ఆపారో చూపిస్తుంది, ‘అన్‌హోల్డ్’ వాటిని వదిలేస్తుంది. మింట్‌లో టైమ్‌షిఫ్ట్ ఉంది, అప్‌డేట్‌కు ముందు ఒక స్నాప్‌షాట్ (అప్పటి సిస్టమ్ నకలు) తీసుకుంటే ఎఫ్3 కన్సోల్ నుంచి కూడా వెనక్కి వెళ్లవచ్చు. మామూలు అమరికలో అది హోమ్ ఫోల్డర్‌ను ముట్టుకోదు, కాబట్టి మీ ఫొటోలకూ పత్రాలకూ బ్యాకప్ వేరేగా ఉండాలి.