లైసెన్స్ పిస్టల్ స్వీయ శిక్షణ, 3వ భాగం: రోజూ నడుముకి పెట్టుకునే పిస్టల్ ఎంచుకోవడం

లైసెన్సు చేతికి రాగానే చాలామంది ఫోన్ తీసి వీడియోలు చూడ్డం మొదలుపెడతారు, గ్లాక్ 19 అంట, సిగ్ పీ365 అంట, స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ అంట, అమెరికా వాళ్ళు వాటి గురించి గంటలు గంటలు మాట్లాడతారు. మంచి తుపాకులే, కాదనను. కానీ అక్కడ ఎక్కువగా అమ్ముడయ్యేది వాటి 9 ఎంఎం మోడలే, మన దగ్గర 9 ఎంఎం ప్రొహిబిటెడ్ బోర్, అంటే నిషేధించిన గొట్టం కొలత, మామూలు మనిషికి వచ్చే లైసెన్సు మీద దాన్ని కొనలేం. కాబట్టి ఆ వీడియోల్లోంచి మోడల్ పేర్లు వదిలేసి ఒక్క సంగతి తీసుకోండి, వాళ్ళు తుపాకిని నమ్మే ముందు దాన్ని ఎలా పరీక్షిస్తారో అది చూడండి. ఈ భాగమంతా దాని గురించే.

మొదటి రెండు భాగాల్లో ఏ-1 దరఖాస్తు, ఎస్-1 ట్రైనింగ్ సర్టిఫికెట్, ఎస్-3 మెడికల్, చెన్నై వేపేరి పోలీసు కమిషనర్ ఆఫీసు చుట్టూ తిరగాల్సిన తిరుగుడు, అన్నీ అయిపోయాయి. ఇప్పుడు మీ లైసెన్సులో నాన్ ప్రొహిబిటెడ్ బోర్ పిస్టల్ లేదా రివాల్వర్ అని ఉంటుంది, చేతి తుపాకుల్లో దానికి అర్థం దాదాపుగా 32 బోర్ అనే, 22 కూడా ఉంది గానీ ప్రాణరక్షణకి నేను దాన్ని చెప్పను, రిమ్‌ఫైర్ తూటా, అంటే అడుగు అంచు మీద దెబ్బ పడితే పేలేది, కాబట్టి పేలకుండా తుస్సుమనే అవకాశం ఎక్కువ.

ఇక్కడే ఒక జాగ్రత్త. 32 అని పిలిచే తూటాలు రెండు రకాలు. పిస్టల్‌కి వాడేది 32 ఏసీపీ, దాని కేస్, అంటే మందు నింపిన ఇత్తడి గొట్టం, పొడవు 17 మిల్లీమీటర్లు, రివాల్వర్‌కి వాడేది 32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్, కేస్ 23 మిల్లీమీటర్లు పైనే. ఒకదాన్లో ఇంకోటి వాడకూడదు, షాపులో ఊరికే "32 ఇవ్వండి" అని అడిగి డబ్బా జేబులో వేసుకుని రాకండి, డబ్బా మీద ఏం రాసుందో చదివి, ఒక తూటా బయటికి తీసి చూస్కోండి.

దొరికే సరుకు సంగతికొస్తే, కొత్తది కావాలంటే ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ వాళ్ళ అశని పిస్టల్ ఉంది. రివాల్వర్లలో కాన్పూర్‌వి ఉన్నాయి, 2014లో వచ్చిన నిర్భీక్ టైటానియం మిశ్రమంతో చేసింది, దాదాపు అరకిలో బరువు, 2023లో వచ్చిన ప్రబల్‌కి తూటాలు పెట్టే గుండ్రటి సిలిండర్ పక్కకి తెరుచుకుంటుంది, అది తూటాలు లేకుండానే 700 గ్రాములు. పాత విదేశీ సరుకు వేరే సంగతి, వాల్తర్ పీపీ, పీపీకే, బ్రౌనింగ్ 1910, కోల్ట్ 1903 లాంటివి, మామూలు లైసెన్సుదారులకి దిగుమతి ఆగిపోయి దశాబ్దాలైంది కాబట్టి ఉన్నవే చేతులు మారుతూ ఉంటాయి, అందుకే వాటి ధరకీ వాటి పనితనానికీ సంబంధం ఉండదు. పేరు చూసి లక్షలు పోసేముందు ఆ పీపీకే 1931లో మార్కెట్లోకి వచ్చిన డిజైన్ అనీ, మీ చేతిలో ఉన్నదాని వయసు మీకంటే ఎక్కువ కావొచ్చనీ గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు అసలు పాఠం. నమ్మకం అనేది తుపాకి ఒక్కదానికి ఉండే గుణం కాదండీ, తుపాకి, మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె), తూటా, మీ చెయ్యి, ఈ నాలుగూ కలిసి పనిచేస్తేనే అది నమ్మకం. ఏ ఒక్కటి తేడా చేసినా మిగతా మూడు ఎంత గొప్పవైనా అవసరానికి పనికిరావు, అందుకే "ఏ కంపెనీది కొనాలి" అనే ప్రశ్న నేను చివర్లో అడగమంటాను.

మ్యాగజైన్‌తో మొదలెడతా, ఎందుకంటే పిస్టల్ ఇరుక్కుపోయినప్పుడు నేను అన్నిటికంటే ముందు అనుమానించేది దాన్నే. 32 ఏసీపీ తూటాని వెలుతురులో పట్టుకుని అడుగుభాగం చూడండి, అంచు కేసు కంటే కొంచెమే, అర మిల్లీమీటర్ లోపే బయటికి పొడుచుకుని ఉంటుంది, దీన్నే సెమీ రిమ్ అంటారు. మ్యాగజైన్‌లో పై తూటా అంచు కింద తూటా అంచుకి ముందు ఉండాలి. నింపేటప్పుడో, కుదుపులకో పై అంచు వెనక్కి జారి కింద దాని వెనక పడిందనుకోండి, అంతే, పిస్టల్ మీద ముందూ వెనకా జారే స్లైడ్ ఎంత తోసినా ఆ తూటా ముందుకి కదలదు, మ్యాగజైన్ బయటికి లాగి విడదీస్తే గానీ రాదు, దీన్ని రిమ్ లాక్ అంటారు. పొడవు తక్కువ ఉండే, ముక్కు బోలుగా ఉన్న హాలో పాయింట్ తూటాలతో ఇది ఇంకా ఎక్కువ, ఎందుకంటే మ్యాగజైన్‌లో ముందూ వెనకా జరగడానికి ఖాళీ ఎక్కువ ఉంటుంది. కాబట్టి 32లో నా మాట ఎప్పుడూ ఒకటే, మామూలు గుండ్రటి ముక్కున్న 71 గ్రెయిన్ల (గుండు బరువు) తూటా వాడండి, ఒక్కోటి నింపినప్పుడల్లా వెనక్కి పూర్తిగా నొక్కి, అంచులు మెట్లు మెట్లుగా ముందుకి వాలి ఉన్నాయో లేదో మ్యాగజైన్ పక్క కంతల్లోంచి చూడండి. పాత తుపాకి కొంటుంటే మ్యాగజైన్ పెదాలు వంగాయా, పగిలాయా చూడండి, రెండో మ్యాగజైన్ దొరకని తుపాకి ఎంత అందంగా ఉన్నా వద్దు.

చెయ్యి సంగతి. మింట్ స్ట్రీట్‌లో నగల వ్యాపారం చేసే నెల్లూరు మావయ్య ఒకాయనతో షాపుకి వెళ్ళా, ఆయన మనసంతా నికెల్ పూత మెరుస్తున్న ఒక పాత వాల్తర్ మీద ఉంది. ఖాళీగా ఉందని ఇద్దరం చూసుకున్నాక "మావయ్యా, స్లైడ్ ఒకసారి లాగండి" అన్నా. లాగారు. "ఇంకో అయిదు సార్లు లాగండి" అన్నా. మూడోసారికే బొటనవేలు పట్టు జారిపోయింది, ఆయనకి కీళ్ళ నొప్పులు ఉన్నాయి. "అల్లుడూ, ఇది బిగుసుకుపోయిందిరా, నూనె వేస్తే వదులవుతుందిలే" అన్నారు. వదులవదు, దానికి కారణం ఉంది. ఇలాంటి 32 పిస్టళ్ళు దాదాపు అన్నీ బ్లోబ్యాక్ పద్ధతివి, బ్యారెల్‌ని స్లైడ్‌తో కలిపి బిగించే లాక్ ఏదీ ఉండదు, తూటా పేలినప్పుడు ఆ ఒత్తిడిని ఆపేది స్లైడ్ బరువూ స్ప్రింగ్ బిగువూ మాత్రమే, అందుకే చిన్న పిస్టల్ అయినా స్ప్రింగ్ గట్టిగా ఉంటుంది. సుత్తి బయటికి కనిపించే రకాల్లో ముందు సుత్తి వెనక్కి లాగి తర్వాత స్లైడ్ లాగితే కొంచెం తేలిక. ఆయన చేతికి అదీ చాల్లేదు, చివరికి రివాల్వర్ తీసుకున్నారు, అది సరైన నిర్ణయం. రివాల్వర్‌లో తూటా పేలకపోతే మళ్ళీ ట్రిగ్గర్ నొక్కితే చాలు తర్వాతది వస్తుంది, కాకపోతే ట్రిగ్గర్ బరువు, సిలిండర్ లావు, చొక్కా కింద ఉబ్బెత్తుగా కనిపిస్తుంది.

షాపులో తుపాకి చేతికి తీసుకున్నాక వరస ఇది. మ్యాగజైన్ బయటికి, స్లైడ్ వెనక్కి, తూటా కూర్చునే ఛాంబర్‌లోకి కళ్ళతో చూసి వేలుతో కూడా తడిమి ఖాళీ అని తేల్చుకోవాలి, షాపతను ముందే చూపించినా సరే మళ్ళీ మీరు చూడాలి. తర్వాత టార్చితో బ్యారెల్ లోపల గాడులు పదునుగా ఉన్నాయా, గుంటలు పడ్డాయా చూడండి. స్లైడ్ జారే పట్టాల దగ్గర, కేసు బయటపడే కిటికీ మూలల దగ్గర సన్న పగుళ్ళుంటాయి, వేలుగోరు పెట్టి గీస్తే తగులుతాయి. ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం అరిగిపోయిందేమో చూడండి, కాల్చిన కేసుని ఛాంబర్లోంచి బయటికి లాగేది అదే. ఆ తర్వాత షాపతన్ని అడిగి పెన్సిల్ పరీక్ష చెయ్యండి, ఖాళీ అని ఇంకోసారి చూసుకుని, తుపాకి మూతి పైకప్పు వైపు నిటారుగా పెట్టి, రబ్బరున్న వైపు కిందికి వచ్చేలా పెన్సిల్‌ని బ్యారెల్‌లోకి జారవిడిచి ట్రిగ్గర్ నొక్కితే పెన్సిల్ ఎగిరి బయటికి రావాలి, కొంచెం కదిలి ఊరుకుందంటే తూటాని గుద్దే ఫైరింగ్ పిన్నో, దాన్ని నెట్టే స్ప్రింగో దెబ్బతిని ఉండొచ్చు. ఫ్రేమ్ మీద నంబరూ కాగితాల్లో నంబరూ ఒకటేనా అన్నది అక్షరం అక్షరం సరిచూసుకోండి, ఇక్కడ ఒక్క అంకె తేడా ఉన్నా మీకు కేసే.

పాత డిజైన్లలో ఇంకో పెద్ద లోటు ఉంది, చాలావాటికి ఫైరింగ్ పిన్‌ని అడ్డుకునే బ్లాక్ ఉండదు. అంటే ఛాంబర్‌లో తూటాతో ఉన్న తుపాకి మూతి కిందికై గచ్చు మీద పడితే, ఆ అదురుకి పిన్ ముందుకెళ్ళి పేలే ప్రమాదం ఉంది, కొన్నిట్లో సేఫ్టీ వేసి ఉన్నా సరే. బాత్రూంలో బెల్టు విప్పుతున్నప్పుడు, బండి దిగుతున్నప్పుడు పడేవి ఇవే. కాబట్టి అలాంటిది కొంటే ఛాంబర్ ఖాళీగా, మ్యాగజైన్ నిండుగా పెట్టుకోవడమే పద్ధతి, అవసరమైతే స్లైడ్ లాగాలి, లాగడం రేంజ్‌లో వందలసార్లు అలవాటు చేసుకోవాలి. అవసరం వచ్చినప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉంటాయా అని కొందరు వాదిస్తారు, వాళ్ళ మాటలో న్యాయం ఉంది, అయినా ఇంట్లో పిల్లలున్న మనిషికి నేను ఇదే చెప్తా.

ఇక కాల్చి చూడ్డం. అమెరికాలో 500 తూటాలు కాల్చాకే నమ్ముతాం అంటారు, మన లైసెన్సు మీద తూటాలకి పరిమితి ఉంటుంది, ధర కూడా మండిపోతుంది, అంత కుదరదు. కాబట్టి ఉన్నవాటిని తెలివిగా వాడాలి. మ్యాగజైన్ల మీద నెయిల్ పాలిష్‌తో 1, 2 అని రాయండి, ఏది ఇరుక్కుందో నోట్‌బుక్‌లో రాసుకోవాలి కదా. స్లైడ్ లాగడం, మ్యాగజైన్ మార్చడం, ఇరుక్కుంటే తియ్యడం, ఇవన్నీ పేలని డమ్మీ తూటాలతోనే నేర్చుకోండి, దానికి అసలువి తగలెయ్యొద్దు. రేంజ్‌లో మొదటి పాతిక తూటాలు తుపాకి అలవాటు పడ్డానికి వదిలెయ్యండి, అందులో తప్పులొచ్చినా తీర్పు చెప్పకండి. ఆ తర్వాత, మధ్యలో శుభ్రం చెయ్యకుండా, రోజూ పెట్టుకోబోయే తూటాలతోనే, రెండు మ్యాగజైన్లూ మార్చి మార్చి యాభై కాల్చండి, అందులో కొన్ని ఒంటి చేత్తో, కొన్ని పట్టు కాస్త వదులు చేసి. ఆ యాభైలో ఒక్కటి కూడా ఇరుక్కోకూడదు. ఇరుక్కుంటే కారణం వెతికి, సరిచేయించి, మళ్ళీ యాభై మొదట్నుంచి. ఖర్చే, కానీ తగ్గొద్దు. ఒకే లాట్ నంబర్ ఉన్న, అంటే ఒకే విడతలో తయారైన డబ్బాలు కొనుక్కోండి, లేకపోతే పరీక్షించింది ఒకటి, పెట్టుకునేది ఇంకోటి అవుతుంది.

దాచుకోవడం విషయంలో కొత్తవాళ్ళు బ్యారెల్ పొడవు చూసి భయపడతారు, బ్యారెల్ ప్యాంటు లోపలికి పోతుంది, అది కనపడదు. బయటికి పొడుచుకుని చొక్కా మీద అచ్చు పడేది పిడి. అందుకే పిడి పొట్టిగా, మొత్తం మందం అంగుళం దగ్గర్లో ఉండేది చూడండి, కానీ చిటికెన వేలికి అసలు చోటు లేనంత పొట్టిది కూడా వద్దు, చెమట చేత్తో పట్టు నిలవదు. చొక్కా టక్ చేసుకునే అలవాటు ఉంటే మానుకోవాలి, కొంచెం వదులైన, గళ్ళో గీతలో ఉన్న చొక్కా బయటికి వదిలితే సరిపోతుంది, పల్చటి తెల్ల కాటన్ చొక్కా తడిస్తే అన్నీ కనిపిస్తాయి. పంచె మీద పెట్టుకోవాలని చూడొద్దు, గట్టి బెల్టు లేకుండా తుపాకి లేదు.

చెన్నైలో ఉండేవాళ్ళకి ఇంకో శత్రువు ఉంది, తుప్పు. కత్తిరి ఎండల్లో ఒంటికి ఆనుకున్న తుపాకి పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఉప్పు చెమటలో నానుతుంది, తిరువాన్మియూర్, బీసెంట్ నగర్ వైపు ఉంటే సముద్రపు గాలి కూడా తోడు. నల్లటి బ్లూయింగ్ పూత దీనికి ఆగదు, పిడి పలకల కింద, స్క్రూల చుట్టూ ఎర్రగా మొదలవుతుంది, బయటికి కనిపించేసరికి లోపల గుంట పడి ఉంటుంది. నికెల్ పూతది కొంటుంటే పొలుసులు లేచాయేమో చూడండి, లేచిన చోట కింద తుప్పు దాక్కుంటుంది. రోజూ రాత్రి తీసి, ఖాళీ చేసి, గన్ ఆయిల్ అద్దిన గుడ్డతో తుడవడం తప్పదు. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె రాయకండి, కొన్నాళ్ళకి జిగురు కట్టి స్లైడ్‌నీ ఫైరింగ్ పిన్‌నీ పట్టేస్తుంది. తోలు హోల్‌స్టర్‌లో ఉంచి బీరువాలో పెట్టకండి, తోలు తేమ పీల్చి తుపాకికి ఇస్తుంది. రోజూ ఛాంబర్‌లోకి ఎక్కించి తీసే తూటా ఉంటే దాన్ని కొత్త తూటా పక్కన నిలబెట్టి ఎత్తు చూడండి, బుల్లెట్ లోపలికి నొక్కుకుపోయి పొట్టిగా కనిపిస్తే పక్కన పెట్టేయండి, ఒత్తిడి పెరిగి ప్రమాదం.

చట్టం గురించి కొనేముందే తెలియాల్సినవి కొన్ని. 2019 సవరణ తర్వాత మామూలు లైసెన్సుదారుకి రెండు తుపాకులే, లైసెన్సు గడువు అయిదేళ్ళు. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం బయటికి తీసుకెళ్ళేటప్పుడు హోల్‌స్టర్‌లో, కనపడకుండా కప్పి, మీ అదుపులో ఉండాలి. పెళ్ళి ఊరేగింపుల్లో గాల్లోకి కాల్చి ఎవరి ప్రాణానికైనా ముప్పు తెస్తే రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. మెట్రోలోకి తీసుకెళ్ళే ఆలోచన పెట్టుకోవద్దు, ఎన్నికలప్పుడు స్టేషన్లో డిపాజిట్ చెయ్యమని నోటీసు వస్తే ఆ రోజే ఇచ్చి రసీదు తీసుకోండి. ఇంట్లో తాళమున్న పెట్టెలో తుపాకి ఒకచోట, తూటాలు ఇంకోచోట.

నాలుగో భాగం హోల్‌స్టర్, బెల్టు, బండి మీద కూర్చున్నప్పుడు ఎటువైపు పెట్టుకోవాలి అన్న దాని గురించి. ఆలోపు ఒక పని చెయ్యండి, కొనబోయే ముందు కనీసం రెండు షాపులకి వెళ్ళి, చేతికి దొరికిన ప్రతి 32 పిస్టల్ స్లైడ్‌నీ పదేసి సార్లు లాగి చూసి, పదోసారి కూడా సునాయాసంగా వచ్చినవాటి పేర్లు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, వచ్చే పాఠం ఆ కాగితంతోనే మొదలవుతుంది.