ట్రంకుపెట్టెలోని పాత ఉత్తరాలు, ఫొటోలు: భద్రపరిచే విధానం

తాతల కాలపు ట్రంకుపెట్టె తెరవగానే ఉత్తరాలన్నీ ఒకచోట, ఫొటోలన్నీ ఒకచోట సర్దాలనిపించడం సహజమే గానీ, ముందుగా ఆ పని మానుకోవాలి. ఏ కట్టలో ఏవి కలిసి ఉన్నాయన్నది కూడా సమాచారమే. రంగూన్ నుంచి వచ్చిన ఉత్తరంతో కలిపి కట్టిన ఫొటోలో ఉన్నది ఎవరో ఆ ఉత్తరమే చెప్పవచ్చు. కాబట్టి పెట్టె ఉన్నది ఉన్నట్టుగా పైనుంచి కిందిదాకా ఫోన్‌తో ఫొటోలు తీసుకుని, ప్రతి కట్టకూ ఒక సంఖ్య ఇచ్చి, ఆ తరువాతే విప్పాలి.

కవర్లను ఎట్టి పరిస్థితుల్లోనూ పారవేయకూడదు. మన పెద్దలు చాలామంది ఉత్తరాల్లో సంవత్సరం వేసేవారు కారు. తేదీ వేసినా ‘శ్రావణ శుద్ధ పంచమి’ అని ఊరుకునేవారు. అప్పుడు తపాలా ముద్రే ఆధారం. అది చెరిగిపోతే తపాలా బిళ్ళను చూడాలి. వెల నయా పైసల్లో ఉంటే ఆ ఉత్తరం 1957 ఏప్రిల్‌కు ముందుది కాదు. చిరునామాలో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15కు ముందుది కాదు.

తుప్పు పట్టిన గుండుసూదులను లాగకుండా, కాగితం చిరగకుండా మెల్లగా వదులు చేసి తీయాలి. దుమ్మును మెత్తని పొడి కుంచెతో దులపాలే తప్ప తడిగుడ్డ తగిలించకూడదు. చిరిగినచోట సెలోటేప్ అంటిస్తే కొన్నేళ్లకు దాని జిగురు కాగితంలోకి ఇంకి పసుపు మరక మిగులుతుంది. లామినేషన్ అంతకన్నా పెద్ద హాని, ఎందుకంటే వేడికి అతుక్కున్న ప్లాస్టిక్‌ను మళ్లీ విడదీయడం దాదాపు అసాధ్యం.

ఫొటోలను అంచులతో పట్టుకోవాలి. ఫ్రేము అద్దానికి అంటుకుపోయినదాన్ని పీకితే ముఖం మీది పొర అద్దంతోనే పోతుంది. అద్దంతో సహా స్కాన్ చేసి, అలాగే ఉంచడం మేలు. స్టూడియో పేరు, ఊరు అచ్చయిన అట్టను కత్తిరించకూడదు. వెనకవైపు అంచున మెత్తని పెన్సిల్‌తో, నొక్కకుండా, ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, ఊరు రాయాలి. ‘పెద్దమావయ్య’ అని మాత్రమే రాస్తే ఎవరికి మావయ్యో రెండు తరాల తరువాత తేలదు. ఈ పేర్లు చెప్పగలిగిన పెద్దలు ఇంట్లో ఉండగానే ఈ పని పూర్తిచేయాలని నా గట్టి విన్నపం. మిగతావన్నీ ఆ తరువాత చూసుకోవచ్చు.

స్కానింగ్‌కు 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కల స్పష్టత), టిఫ్ (నాణ్యత తగ్గకుండా దాచే ఫైలు రకం) ఫార్మాట్ తగినవి. ఉత్తరాలకైనా ఫొటోలకైనా రెండు వైపులూ తీయాలి. పీవీసీ కవర్లు, జిగురు పేజీల ఆల్బమ్‌లు వాడకుండా, ఆమ్లరహిత కాగితంలో గానీ పాలియెస్టర్ కవర్లలో గానీ ఉంచాలి. రేకుల కింది అటక, వంటింటి గోడ, నేల పనికిరావు. లోపలి గదిలోని బీరువాలో పై అర మంచిది. వానాకాలంలో నెలకోసారి తెరిచి బూజు, చెదలు చూసుకోవాలి. తాటాకు గ్రంథాలుంటే స్వయంగా శుభ్రం చేయకుండా, ప్రాచీన లిఖిత గ్రంథాలయాల వారికి చూపించాలి.

1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం వంటి గ్రంథాలయానికో, రాష్ట్ర ఆర్కైవ్స్‌కో ఇవ్వదలిస్తే, ముందుగా వారు ఎలాంటివి స్వీకరిస్తారో కనుక్కోవాలి. ఎవరు చూడవచ్చు, ఎవరు ప్రచురించవచ్చు అన్న షరతులను కాగితం మీద పెట్టించుకుని, కట్టల సంఖ్యలూ పేర్లూ ఉన్న జాబితాను వస్తువులతోపాటే అప్పగించి, దాని ప్రతి మీద రసీదు సంతకం తీసుకోవాలి.