కెనడా ఉత్తరాన పరిశోధనకు ప్రభుత్వ నిధులు: బడ్జెట్ పట్టిక నుంచి మొదలుపెట్టండి

కెనడా ఉత్తరాన పరిశోధన చేయాలనుకునే మన విద్యార్థులు మొదట అడిగే ప్రశ్న, డబ్బు ఎవరిస్తారని. ఏ ఊళ్లో పనిచేస్తారు, అక్కడివాళ్లతో ఇంతవరకు మాట్లాడారా అని నేను ఎదురు అడుగుతాను. సరస్సుల అడుగు మట్టి మీద పనిచేసినదాన్ని. ఇప్పుడు విద్యార్థుల దరఖాస్తులు పంపకముందే చదివి పెడుతుంటాను. పరిశోధన లక్ష్యం అందరూ బాగానే రాస్తారు. ఉత్తరాది తెలిసినవారెవరో, పటంలో మాత్రమే చూసినవారెవరో బడ్జెట్ పట్టిక దగ్గర తేలిపోతుంది. అందుకే దాని గురించే ఎక్కువ చెబుతాను.

ముందు నిధుల సంగతి. మాస్టర్స్, పీహెచ్‌డీ విద్యార్థులకు, చివరి ఏడాది థీసిస్ రాసే డిగ్రీ విద్యార్థులకు మొదటి మెట్టు నార్తర్న్ సైంటిఫిక్ ట్రైనింగ్ ప్రోగ్రామ్. 1961 నుంచి నడుస్తోంది; ఇప్పుడు పోలార్ నాలెడ్జ్ కెనడా అనే సమాఖ్య సంస్థ చూస్తోంది. ప్రయాణం, బస, సామాను రవాణా, దుభాషి ఖర్చు వంటివాటికి ఇస్తారు. పరిశోధన మొత్తం దీనితోనే గట్టెక్కుతుందని లెక్క వేయవద్దు. దరఖాస్తుదారు కెనడా పౌరులో, శాశ్వత నివాసులో అయి ఉండాలి. స్టడీ పర్మిట్ మీద వచ్చినవారు ఈ వాక్యం దగ్గర నిరాశపడి ఆగిపోతుంటారు. ఆగనక్కర్లేదు. సూపర్‌వైజర్ పేరున వచ్చే సాయంలో మీరు బృంద సభ్యులుగా వెళ్లే దారి ఉంది.

అలాంటి సాయంలో నేను అందరికంటే ముందు చెప్పేది పోలార్ కాంటినెంటల్ షెల్ఫ్ ప్రోగ్రామ్. 1958లో మొదలైంది, సమాఖ్య సహజ వనరుల శాఖ కింద ఉంది. వీరు చెక్కు ఇవ్వరు. చిన్న విమానాలు, హెలికాప్టర్లు, ఇంధనం, గుడారాలు, మంచు మీద నడిచే బళ్లు సమకూరుస్తారు. కార్న్‌వాలిస్ ద్వీపంలోని రెజొల్యూట్‌లో బస, ప్రయోగశాల ఉన్నాయి. విమాన ఖర్చే మిగతా ఖర్చులన్నిటినీ మింగేసే చోట ఈ సాయం విలువ డబ్బుకు తక్కువేమీ కాదు. సూపర్‌వైజర్‌కు సమాఖ్య సహజ శాస్త్రాల, ఇంజనీరింగ్ పరిశోధన మండలి (NSERC) ఇచ్చే డిస్కవరీ గ్రాంటు ఉంటే, ఉత్తరాది పనికి దాని మీద అదనపు నిధి అడిగే వీలుందేమో ఆ ఏడాది ప్రకటనలో చూడమనండి. పాదరసం వంటి కాలుష్యాల మీద పనిచేసేవారికి 1991లో పెట్టిన నార్తర్న్ కంటామినెంట్స్ ప్రోగ్రామ్ వేరుగా ఉంది.

ఇక పట్టిక. కెనడా ఉత్తరాది భూభాగమైన నునావుట్‌లోని 25 ఊళ్లలో దేనికీ దక్షిణం నుంచి రోడ్డు లేదు. ఒక ఊరి నుంచి మరో ఊరికీ లేదు. సరుకుల ఓడ మంచు కరిగిన నెలల్లోనే వస్తుంది. కాబట్టి మీ సామాను దాదాపుగా విమానంలోనే వెళుతుంది, ప్రతి కిలోకూ లెక్క ఉంటుంది. మా పనినే తీసుకోండి. వసంతకాలంలో సరస్సు మీద మంచు ఇంకా గట్టిగా ఉండగా రంధ్రం తొలిచి, గొట్టం దించి, అడుగు మట్టిని పొరలు చెదరకుండా పైకి తీస్తాం. వెళ్లేటప్పుడు గొట్టాలు ఖాళీ. వచ్చేటప్పుడు వాటి నిండా తడి మట్టి. అంటే తిరుగు రవాణా బరువే ఎక్కువ. చాలా దరఖాస్తుల్లో మాత్రం రానూ పోనూ ఒకే అంకె కనిపిస్తుంది. పైగా గొట్టాలు నిలువుగానే రావాలి, దారిలో గడ్డకట్టకూడదు. గడ్డకడితే నీరు వ్యాకోచించి శతాబ్దాల పొరలు కలగాపులగమవుతాయి. పెట్టెల ఖర్చు, గడ్డకట్టకుండా చూసే ఏర్పాటు ఖర్చు విడివిడిగా రాయండి.

వాతావరణం బాగాలేక విమానం ఆగిపోయే రోజులకు బస, భోజనం వేయండి. అది వృథా ఖర్చనిపిస్తుందేమోనని విద్యార్థులు భయపడి తీసేస్తారు. తీసేయవద్దు, ఉత్తరాన తిరిగినవారు చదివితే ముందు ఆ వరుస కోసమే వెతుకుతారు.

అన్నిటికంటే నేను పట్టుబట్టేది స్థానికుల పారితోషికం. ధ్రువపు ఎలుగుబంట్ల కాపలాకు, మంచు ఎక్కడ పలచనో చెప్పి దారి చూపడానికి ఆ ఊరి వేటగాళ్లే కావాలి. వారికి ఇచ్చేది ‘ఇతరములు’లో కలిపేయడం అన్యాయం. రోజు కూలి, బండి అద్దె, పెట్రోలు వేర్వేరు వరుసల్లో చూపండి. రేటు ఎంతో ఆ ఊరి వేటగాళ్ల సంఘాన్నే అడగండి. ఉత్తరాది మూలవాసులైన ఇనుయిట్ల జాతీయ సంస్థ ఇనుయిట్ తపిరీత్ కనాతమి 2018లో ప్రకటించిన పరిశోధన వ్యూహం కోరేది కూడా ఇదే దిశలో ఉంది: తమ నేల మీద జరిగే పరిశోధనలో, దాని నిధుల్లో, సమాచారంలో తమకు అధికారం ఉండాలని. దరఖాస్తుకు ముందు ఆ పత్రం చదవండి.

లైసెన్సు లేకుండా పని మొదలుపెట్టకూడదు. నునావుట్‌కైతే ఇకాలూయిత్‌లోని నునావుట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్, నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌కైతే అరోరా రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఇస్తాయి; యూకాన్‌కు వేరే చట్టం, వేరే లైసెన్సు. ఇనుయిట్ల యాజమాన్యంలోని భూమి మీద అడుగుపెట్టాలంటే ఆ ప్రాంతపు ఇనుయిట్ సంఘం అనుమతి అదనం. జంతువులు, పురావస్తువులు, జాతీయ పార్కులు ఉంటే మళ్లీ వేరు. నునావుట్ దరఖాస్తుకు మీ పని సారాంశం సామాన్యులకు అర్థమయ్యేలా రాసి, ఇనుయిట్ల భాష ఇనుక్టిటుట్‌లోకి, పశ్చిమాన కొన్ని ఊళ్లకైతే ఇనుయిన్నాక్టున్‌లోకి అనువదించి ఇవ్వాలి. అనువాదకుల రుసుము పట్టికలో ఉండాలి. ఫలితాలు చెప్పడానికి మళ్లీ ఆ ఊరు వెళ్లే టికెట్టు కూడా అడగండి. మంజూరు కాకపోవచ్చు, అయినా అడగండి.

గడువులు సాధారణంగా ఏడాది చివరి నెలల్లో ఉంటాయి. మొదట చెప్పిన నార్తర్న్ సైంటిఫిక్ ట్రైనింగ్ ప్రోగ్రామ్‌కు మీరు నేరుగా పంపలేరు. విశ్వవిద్యాలయం ద్వారానే వెళ్లాలి, లోపలి గడువు అంతకంటే ముందే ముగుస్తుంది. కాబట్టి వచ్చే వేసవి పనికి ఈ వేసవిలోనే ఊరివారికి ఉత్తరం రాయాలి. వేట కాలంలో జవాబు ఆలస్యమవుతుంది. ఫోను చేయండి, మళ్లీ చేయండి. ఈలోగా మీ విశ్వవిద్యాలయంలో ఈ నిధి వ్యవహారం చూసే సమన్వయకర్త ఎవరో కనుక్కొని, లోపలి గడువు తేదీ రాతపూర్వకంగా తీసుకోండి.