జొన్న రొట్టె విరగకుండా చేయడం ఎలా?

ఆదోని, ఆలూరు, పత్తికొండ వైపు చాలా ఇళ్లలో రాత్రి పూట జొన్న రొట్టె ఉండాల్సిందే. కొత్తగా నేర్చుకునేవాళ్లు మాత్రం మొదటి రొట్టె పెనం మీద రెండు ముక్కలవగానే చేయి తిరగలేదని చపాతీలకు మళ్లుతుంటారు. చాలాసార్లు తప్పు చేతిది కాదు, పిండిది, లేదంటే ఎసరుది.

గోధుమపిండిలో సాగే జిగురు ఉంటుంది. జొన్నలో అది లేదు. మరిగే నీళ్లు పడితే జొన్నపిండిలోని గంజి ఉడికి జిగురుగా మారుతుంది, రొట్టెను పట్టి ఉంచేది అదే. చన్నీళ్లతో కలిపితే ఎంతసేపు పిసికినా పిండి పొడిపొడిగానే ఉంటుంది.

పిండి

నల్లరేగడిలో రబీకి పండే తెల్లజొన్న తీసుకోండి. ఆ ఏటి గింజయితే మేలు. మిల్లులో మెత్తగా ఆడించండి, రవ్వ తగిలితే అంచులు చీలతాయి. మిల్లు నుంచి వచ్చిన పిండి వేడిగా ఉంటుంది కాబట్టి గుడ్డ మీద పరిచి పూర్తిగా చల్లారాకే డబ్బాకెత్తాలి. అలా కాకపోతే డబ్బాలో చెమ్మ పట్టి ముక్కవాసన వస్తుంది. నెలకు సరిపడా ఒకేసారి ఆడించొద్దు. జొన్న గింజలో మొలకెత్తే భాగంలో నూనె ఉంటుంది, పిండి నిల్వ ఉన్నకొద్దీ అది చెడి చేదెక్కుతుంది. పది రోజులకు సరిపోయేంత చాలు, అందులోనూ ఎండాకాలం ఇంకా తక్కువే.

కలపడం

రెండు గ్లాసుల పిండికి గ్లాసున్నర నీళ్లు ఎసరు పెట్టండి. వీటితో జానెడు వెడల్పు రొట్టెలు నాలుగు వస్తాయి. చిటికెడు ఉప్పు ఇష్టముంటే వేసుకోవచ్చు. నీళ్లు తెర్లుతున్నప్పుడే బేసిన్‌లోని పిండి మీద పోసి, గరిటె కాడతో కలిపి, ఐదు నిమిషాలు మూతపెట్టండి. చేతికి తట్టుకునే వేడికి వచ్చాక అరచేతి మడమతో అదిమి అదిమి పిసకాలి. పక్కన గోరువెచ్చని నీళ్లు పెట్టుకుని, పిండి పొడిబారినప్పుడల్లా చేయి తడుపుకోండి.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. ముద్దంతా ఒకసారి పిసికి పక్కన పెట్టేస్తే మూడో రొట్టెకొచ్చేసరికి అది గట్టిపడిపోతుంది. ఏ రొట్టెకు కావాల్సిన ముద్ద ఆ రొట్టెకు తీసుకుని, తట్టే ముందు మళ్లీ ఒక నిమిషం పిసకాలి. ఉండను వేలితో నొక్కి చూడండి. అంచు పగలకుండా గుంట పడితే సరిపోయినట్టు. పగుళ్లు కనబడితే కాస్త తడి చేసి ఇంకా పిసకాలి.

తట్టడం

పీట మీద పొడిపిండి పరిచి, ఉండను కొంచెం అదిమి, ఒక చేతి వేళ్లతో తడుతూ రెండో చేత్తో అంచు కాస్తూ తిప్పండి. దెబ్బ అంచుల వైపు పడాలి. నడుమ ఎక్కువ తడితే అక్కడ పలచనై, ఎత్తేటప్పుడు చిరుగుతుంది. రొట్టె తిరగకుండా పీటకు అంటుకుంటే పొడిపిండి చాలలేదు, లేదా నీళ్లు ఎక్కువయ్యాయి. కొత్తవాళ్లు చపాతీ కన్నా కాస్త మందంగానే ఆపితే మంచిది. పలచగా తట్టడానికి తొందరేం లేదు.

కాల్చడం

ఇనప పెనం బాగా కాగాలి. నీటిచుక్క వేస్తే చుయ్యిమని ఎగరాలి. రొట్టెను అరచేతి మీదికి తీసుకుని, పొడిపిండి ఉన్న వైపు పైకి వచ్చేలా పెనం మీద వేయండి. వేసిన వెంటనే తడిగుడ్డతో పైభాగమంతా నీళ్లు రాయాలి. ఆలస్యం చేస్తే పొడిపిండి తెల్లతెల్లగా మిగిలి అక్కడ బీటలు పడతాయి, రొట్టె పొంగదు. పైన తడి ఆరగానే తిప్పండి. పూర్తిగా ఎండేదాకా ఆగితే విరుగుతుంది. రెండో వైపు గోధుమరంగు చుక్కలు పడ్డాక మళ్లీ తిప్పి, మడిచిన గుడ్డతో అంచులను మెల్లగా ఒత్తితే పొంగుతుంది. నూనె అక్కర్లేదు. మంట తగ్గించి నిదానంగా కాలిస్తే రొట్టె బిరుసెక్కుతుంది.

ఒకరు తడుతుంటే ఇంకొకరు కాల్చడం మంచి పద్ధతి. మే నెలలో పొయ్యి దగ్గర ఒక్కరినే నిలబెట్టడం అన్యాయం కూడా. కాల్చే పని మగవాళ్లకూ, పెద్దపిల్లలకూ తొందరగానే వస్తుంది.

వేడి రొట్టెలను నేరుగా స్టీలు డబ్బాలో మూత పెడితే చెమర్చి అడుగుది ముద్దవుతుంది. బుట్టలో నూలుగుడ్డ పరిచి అందులో పెట్టండి. నంజుకోవడానికి ఊరిబిండి, గురెళ్ల కారం, వంకాయ కూర, ఏదైనా సరే. పళ్లు లేని పెద్దవాళ్లకు వేడివేడి రొట్టెను తుంచి పాలలో పది నిమిషాలు నానబెట్టి ఇవ్వండి. పిల్లలకు నెయ్యి, బెల్లం చాలు. మిగిలినవాటిని సన్నటి సెగ మీద పెళుసుగా అయ్యేదాకా ఎండబెట్టి, చల్లారాక డబ్బాకెత్తితే కొన్నాళ్లు ఉంటాయి. సగం ఎండినవాటికి మాత్రం రెండో రోజే బూజు పట్టొచ్చు.